ఐదు నిమిషాల ఐటెమ్

వార్షికోత్సవానికి ముందురోజు రాత్రి నేనొక కాగితం రాసేవాణ్ణి. ప్రార్థన మూడు నిమిషాలు. జ్యోతి వెలిగించడం ఐదు. హెడ్మాస్టరు నివేదిక పది. ముఖ్య అతిథి ప్రసంగం ఇరవై. వీటి మధ్య మిగిలిన సందుల్లో పిల్లలు, ఒక్కో ఐటెమ్‌కు ఐదు నిమిషాలు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ కాగితం నా చేతిరాతలోనే ఉండేది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల చుట్టుపక్కల జిల్లా పరిషత్తు బడుల్లో సోషల్ చెప్పాను. గొంతు పెద్దది, మైకు ముందు జంకు లేదు. అందుకని ఎక్కడికి బదిలీ అయినా సాంస్కృతిక కార్యక్రమాల పని నా నెత్తిన పెట్టేవాళ్ళు. పైకి విసుక్కునేవాణ్ణి గానీ లోపల ఇష్టమే. స్టేజీ పక్కన నిలబడి చెయ్యి ఊపితే పరదా లేస్తుంది, ఇంకోసారి ఊపితే దిగుతుంది. ఆ సుఖం క్లాసులో దొరకదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళే నా బలగం. పదో తరగతి వాళ్ళను ఏ హెడ్మాస్టరూ వదలడు, వాళ్ళకు పబ్లిక్ పరీక్షలు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి సిగ్గు మొదలవుతుంది. ఈ మూడు తరగతుల వాళ్ళు మాత్రం చెప్పిందల్లా చేస్తారు, చెప్పనిదల్లా అడుగుతారు. వాళ్ళ దగ్గర నేను చేసిన తప్పులు కొన్ని ఇప్పుడు రాస్తున్నాను. రిటైరై రెండేళ్ళయింది, ఇంక పోయే ఇంక్రిమెంట్ ఏమీ లేదు.

మొదటిది గండికోటది.

జమ్మలమడుగు నుంచి గండికోట పదిహేను కిలోమీటర్లు. ఆ ఏడు చలికాలంలో ఏడో తరగతిని విహారయాత్రకు తీసుకుపోదామనుకున్నాను. ఊరికే తిరిగొస్తే ఏం లాభమని ఇరవై ఐదు ఖాళీలతో ఒక ప్రశ్నాపత్రం తయారుచేసి జిరాక్స్ తీయించాను. కోటను ఏలిన నాయకుల ఇంటిపేరు, అంటే పెమ్మసాని. వాళ్ళు ఏ సామ్రాజ్యానికి సామంతులు, అంటే విజయనగరం. గోల్కొండ తరఫున కోటను పట్టుకున్న సేనాని మీర్ జుమ్లా. ఆ మీర్ జుమ్లాను చూడటానికి 1652లో ఇక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్. కోట ఏ కొండల్లో ఉంది, ఏ నది పక్కన ఉంది. నిజం చెప్పాలంటే ఆ కాగితం చూసుకుని నాకు గర్వంగా ఉండింది. పక్క బడి సార్లు ఒకరిద్దరు కాపీ కూడా అడిగి తీసుకున్నారు.

కోట వాకిలి దాటి లోపలికి పోయినప్పటి నుంచి నా గొంతు ఆగలేదు. పావురాల గోపురం, జైలు, మాధవరాయ గుడి, జామియా మసీదు, దాని పక్కన ధాన్యాగారం. ఒక్కొక్క చోట పిల్లల్ని నిలబెట్టి చెప్పాను. కత్తుల కోనేరు దగ్గర, యుద్ధం నుంచి వచ్చి కత్తులు కడిగినందుకే నీళ్ళు ఎర్రబడ్డాయని చెప్పాను. జనం చెప్పుకునే కథ అది. 'అని చెప్పుకుంటారు' అన్న రెండు మాటలు కలిపితే నా సొమ్మేం పోయేది కాదు, కలపలేదు. సోషల్ సారు చెప్పాడు కాబట్టి పిల్లలకు అది చరిత్ర అయిపోయింది.

చివరికి లోయ అంచుకు పోయాం. కింద ఎక్కడో పెన్న. ఎర్రటి బండలు దొంతులు దొంతులుగా, ఎవరో పేర్చినట్టు. గాలికి పిల్లల చేతుల్లో జిరాక్స్ కాగితాలు పటపటా కొట్టుకుంటున్నాయి. నేను అక్కడ ఇరవై నిమిషాలు మాట్లాడాను. "అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అని ఉంది, ఇది దానికి తమ్ముడు" అన్నాను. నేను గ్రాండ్ కాన్యన్ చూసిందేమీ లేదు. కళ్ళ ముందున్న లోయను వదిలిపెట్టి ఎన్నడూ చూడని లోయను వర్ణించాను. పిల్లలు లోయకు వీపు పెట్టి నిలబడి, "సార్, తొమ్మిదో ఖాళీకి ఏం రాయాల?" అని అడుగుతున్నారు.

ఒక పిల్ల మాత్రం కాగితంలో లేని ప్రశ్న అడిగింది. "సార్, గుడి, మసీదు ఇంత దగ్గర దగ్గరగా ఉండాయే, వాళ్ళు కొట్లాడుకోలేదా?" ఆ రోజు అడిగిన వాటిల్లో అదొక్కటే ప్రశ్న. మిగతావన్నీ ఖాళీలే. "బస్సుకు టైమవుతాంది, తర్వాత చెప్తా" అన్నాను. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. గండికోట పాడుపడిన కోట కాదు, లోపల ఊరుంది. ఆ ఊరి పిల్లోడు ఒకడు నా క్లాసులో ఉన్నాడు. వాణ్ణి పొద్దున్నే వాళ్ళ ఊర్నుంచి బస్సెక్కించి జమ్మలమడుగు రప్పించి, అక్కడ వరసలో నిలబెట్టి లెక్కబెట్టి, మళ్ళీ బస్సెక్కించి వాళ్ళ ఊరికే తీసుకుపోయి, వాళ్ళ ఊరు ఎట్లా ఉంటుందో వానికి చెప్పాను. దారిలో వాడు రెండుసార్లు వరస తప్పాడు. ఒకసారి వాళ్ళ జేజి కనపడిందని, ఇంకోసారి ఆడపిల్లలకు మంచినీళ్ళు యాడ దొరుకుతాయో చూపిస్తానని. రెండుసార్లూ అరిచాను.

మరుసటి రోజు కాగితాలు దిద్దాను. ఇరవై రెండో ఖాళీ: 'గండికోటలో నివసించినవారు ______.' పెమ్మసాని నాయకులు అని రాయాలి. వాడు రాసింది ఒక్క మాట: మేము.

ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను. వాడు కాగితం తీసుకుని, చూసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ అనలేదు. ఆ సంగతి చాలా ఏళ్ళు స్టాఫ్‌రూములో జోకుగా చెప్పాను. అందరికంటే ముందు నేనే నవ్వేవాణ్ణి. ఆ జవాబు తప్పు కాదని నా మందబుద్ధికి తోచడానికి పన్నెండేళ్ళు పట్టింది. అప్పటికి గండికోట రిజర్వాయరు కింద కొండాపురం మండలంలో ఊర్లు ఖాళీ చేయించే మాటలు నడుస్తున్నాయి. తర్వాత తాళ్ళప్రొద్దుటూరు నీళ్ళపాలైంది. రేపు ఏ సోషల్ సారో అక్కడి పిల్లలకు 'మునిగిన ఊరిలో నివసించినవారు' అని ఖాళీ ఇస్తే వాళ్ళేం రాస్తారా అని ఆలోచిస్తూ ఉంటే, ఆ మడిచిన కాగితం గుర్తొచ్చింది.

ప్రొద్దుటూరుకు బదిలీ అయ్యాక నా పని సులువైంది. అంటే ఇంకా చెడింది. ప్రొద్దుటూరును మా జిల్లావాళ్ళు రెండో బొంబాయి అంటారు, బంగారం అంగళ్ళూ గుడ్డల అంగళ్ళూ అట్లాంటివి. దసరా వస్తే అమ్మవారిశాల దగ్గర పది రోజులు ఊరు ఊరంతా రోడ్డు మీదే. అట్లాంటి ఊర్లో వేషాల గుడ్డలు బాడుగకు దొరుకుతాయి, డాన్సు నేర్పే మాస్టర్లు దొరుకుతారు, డబ్బులు పెట్టే తల్లిదండ్రులూ కొంతమంది దొరుకుతారు. నేను ఎనిమిదిమంది పిల్లల్ని పట్టుకున్నాను. బయట డాన్సు నేర్చుకునేవాళ్ళు, గజ్జె కట్టడం ముందే వచ్చినవాళ్ళు. ఆగస్టు 15కు వాళ్ళే, నవంబరు 14కు వాళ్ళే, జిల్లా పోటీలకూ వాళ్ళే. బహుమతులు వచ్చాయి, బీరువా నిండింది. మిగతా మూడువందల మంది బెంచీలు మోశారు, చప్పట్లు కొట్టారు. ఒక పిల్ల రెండువందల యాభై రూపాయల బాడుగ డ్రస్సుకు డబ్బులు తేలేక కాలు బెణికిందని చెప్పి తప్పుకుంది. ఆ మాట నేను నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే తిట్టాను. డ్రస్సు లేకుండా ఆడొచ్చని చెప్పాలని మాత్రం తోచలేదు.

పుట్టపర్తి నారాయణాచార్యుల 'శివతాండవం' పుట్టింది ఆ ఊర్లోనే. ఒక ఏడు ఎనిమిదో తరగతి పిల్లతో అందులోంచి కొంత భాగం కంఠస్థం చేయించి పోటీలో నిలబెట్టాను. ఆ పిల్ల గొంతు ఖంగుమనేది, మొదటి బహుమతి వచ్చింది. స్టేజీ దిగాక ఎవరో పెద్దాయన దగ్గరికి పిలిచి, "దీని అర్థం ఏందమ్మా?" అని మెల్లగా అడిగాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను పక్కకు చూశాను. పుట్టపర్తివారు ప్రదక్షిణాలు చేస్తూ ఆ గేయం కట్టారని చెప్పుకునే అగస్త్యేశ్వరాలయం ఆ ఊర్లోనే ఉంది. ఒక్క సాయంత్రం నడిపించుకుని పోయి ఆ గుడి చుట్టూ తిప్పి ఉంటే, ఆ అడుగుల లయ పిల్లల కాళ్ళకు తెలిసేది. మేము పోలేదు. మాకు రిహార్సల్స్ ఉండేవి.

అట్లాగే కలమళ్ళకూ పోలేదు. ఎర్రగుంట్ల దాటితే వచ్చే ఊరు. రేనాటి చోళరాజు ధనంజయుడు తెలుగులో వేయించిన శాసనం అక్కడిది, క్రీ.శ. 575 నాటిదంటారు పండితులు. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చిన రోజుల్లో ఆ ఊరి పేరు పేపర్ల నిండా. మేము మాత్రం ఏటా ఆగస్టు 29న బడిలోనే కూర్చుని, తెలుగు చాలా గొప్ప భాష అని ఒకరి తర్వాత ఒకరం ఉపన్యాసాలు ఇచ్చుకున్నాం. పిల్లలు ఎండలో కూర్చుని విన్నారు.

ఇక పులివెందుల వైపు. ఇది కొంచెం పొడుగ్గా చెప్పాలి.

ఆ బడికి వచ్చే పిల్లలు చుట్టుపక్కల పల్లెలవాళ్ళు. చీనీతోటలు, అరటితోటలు, చెనక్కాయ చేన్లు. ఒక పల్లెలో రామాలయం ముందు రాత్రిళ్ళు చెక్కభజన నేర్పే పెద్దాయన ఉండేవాడు. ఊర్లో అందరూ గురువు అంటారు. అరవై దాటిన మనిషి, సన్నగా చీనీకొమ్మ మాదిరి ఉంటాడు. మా హెడ్మాస్టరు "ఈసారి జానపదం ఏదన్నా పెట్టండి, పైనుంచి ఫోటోలు అడుగుతాండారు" అన్నాడు. నేను పోయి పెద్దాయన్ను అడిగాను. డబ్బుల మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు. "పిల్లోల్లను పంపు సారూ, నెల రోజులు" అన్నాడు. పదహారు మందిని ఏరి పంపాను. సంతకాల పుస్తకంలో వాళ్ళ పేర్లు రాసుకున్నాను. నా బాధ్యత అంతటితో తీరిందనుకున్నాను. ఆ నెల రోజుల్లో ఒక్క రాత్రి కూడా అటు పోలేదు.

చెక్కభజన చూడనివాళ్ళకు ఒక మాట. రెండు చేతుల్లో రెండు జతల చెక్కలు, వాటికి చిన్న చిన్న ఇత్తడి బిళ్ళలు. గుండ్రంగా నిలబడతారు. నడుమ గురువు పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్నవాళ్ళు అందుకుంటారు. మొదట అడుగు చాలా నిదానం, చూసేవాళ్ళకు ఇదేందిరా అనిపిస్తుంది. పోను పోను అడుగు మారుతుంది, వేగం పెరుగుతుంది, కిందికి వంగుతారు, ఎగురుతారు, ఒకరి చెక్క ఒకరి చెక్కకు తగులుతుంది. మొదటి ఐదు నిమిషాలు పొయ్యి రాజేయడం మాత్రమే. అన్నం ఉడికేది ఆ తర్వాత.

కార్యక్రమానికి వారం ముందు నా కాగితం ఆయనకు చదివి వినిపించాను. "ఐదు నిమిషాల్లో కాళ్ళే కలవవు సారూ" అన్నాడు. "ఏదో కొంచెం చూపిస్తే చాల్లే" అన్నాను. ఆయన ఇంకేం అనలేదు.

సాయంత్రం నాలుగు గంటలకు మొదలు కావాలి. పిల్లలు మూడింటికే గజ్జెలు కట్టుకుని తయారైనారు. అతిథి ఏడుకు పావు తక్కువకు వచ్చాడు. అప్పటిదాకా ఎవరినీ స్టేజీ ఎక్కనివ్వలేదు నేను, ఆయన వచ్చేసరికి ఐటెమ్‌లు అయిపోయి స్టేజీ ఖాళీగా ఉంటే బాగుండదని. పిల్లలకు బిస్కట్లు పంచాం. గజ్జె కట్టినాక పెద్దాయన మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టడంట, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతిథి అరగంట మాట్లాడాడు. ఆయన వెంట వచ్చినాయన నా దగ్గరికి వచ్చి, "సార్ బిర్నా పోవాల, ఏదన్నా జోరుగా ఉండేది వేయండి" అన్నాడు. సినిమా పాటలకు రెండు డాన్సులు వేయించాను. తర్వాత చెక్కభజన. పాట మొదలై రెండు నిమిషాలైందో లేదో అతిథి వాచీ చూసుకున్నాడు. నేను మైకుసెట్టు అబ్బాయికి సైగ చేశాను. వాడు నాకంటే తెలివైనవాడు. "ఇప్పుడే గద సార్ మొదలైంది" అన్నాడు. నేనే పోయి వైరు పీకాను.

పెద్దాయన ఒక్కసారి నా వైపు చూశాడు. పాట ఆపలేదు. ఆయన గొంతుకు మైకు అవసరం ఎప్పుడూ లేదు. ఆ చరణం ముగించి, పిల్లల అడుగును నిదానం చేసి, నిలిపి, స్టేజీకి మొక్కి దిగిపోయాడు. గజ్జెలు విప్పి చేతపట్టుకుని గేటు దాటిపోతుంటే, ఆయన కోసం తెచ్చిన శాలువా కవరు నా చేతిలోనే ఉంది. ఆ శాలువా అతిథి వెంట వచ్చినాయనకు కప్పాం. లెక్క సరిపోయింది.

సోమవారం క్లాసుకు పోతే పిల్లలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. చివరికి ఒకడు లేచి, "పాట మద్దెలో ఆపకూడదంట సార్. ఆపినోళ్ళే మళ్ళా పాడియ్యాలంట" అన్నాడు. "ఎవరు చెప్పినార్రా?" అంటే, "మా జేజి" అన్నాడు. నవ్వి పాఠం మొదలుపెట్టాను. ఆ రోజు పాఠంలో సురభి నాటకాలు వచ్చాయి. 1885లో ఒక పెళ్ళిలో తోలుబొమ్మలాడే కుటుంబం 'కీచకవధ' ఆడితే పుట్టిన నాటకరంగం. ఆ సురభి ఊరు చక్రాయపేట మండలంలో ఉంది, మా పులివెందుల నియోజకవర్గమే. నేను బిట్టు ప్రశ్న చెప్పినట్టు చెప్పి ముందుకు పోయాను. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే బాగాలేదనిపించింది. వైరు పీకే నాలాంటి సారు ఆ పెళ్ళిలో ఒకడు ఉండి ఉంటే సురభి ఐదు నిమిషాల్లో అయిపోయేది.

పది రోజుల తర్వాత పులివెందులలో చీనీకాయల మార్కెట్టు దగ్గర పెద్దాయన ఎదురుపడ్డాడు. మొహం తిప్పుకుంటాడనుకున్నాను. "బాగుండావా సారూ" అన్నాడు, ఎప్పటిలాగే. తిట్టి ఉంటే ఇంటికి పోయి నిద్రపోయేవాణ్ణి.

ఆ శనివారం రాత్రి వాళ్ళ పల్లెకు పోయాను. "ఆ రోజు ఆగిపోయిన పాట పూర్తి చేయిద్దామని వచ్చినా" అన్నాను. క్షమించమని అడగడానికి ఏవేవో మాటలు కూర్చుకుని పోయాను గానీ నోట్లోంచి వచ్చింది అంతే. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఒక జత చెక్కలు తెచ్చి నా చేతుల్లో పెట్టి వరసలో ఆరో తరగతి పిల్లోని పక్కన నిలబెట్టాడు. ఆ పాట పూర్తయ్యేసరికి గంటా ఇరవై నిమిషాలు. నాకు బొటనవేలు వాచింది, మోకాళ్ళు పట్టుకున్నాయి. పక్కనున్న ఆరో తరగతివాడు నా అడుగు చూసి లోలోపల నవ్వుకుంటూ, "సార్, ఎడమ కాలు, ఎడమ కాలు" అని అందిస్తున్నాడు. వాడు క్లాసులో నోరు తెరిచి ఒక్క మాట చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ నెల రోజులూ ఇక్కడ ఇది జరిగింది. నేర్చుకోవడమంటే ఇది. స్టేజీ మీద మేము పెట్టించింది దాని ఫోటో.

అంతా అయ్యాక పెద్దాయన నాతో అన్న మాట ఒకటే. "కాలు తప్పుతాండావు సారూ. నీకు తొందర ఎక్కువ."

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది. కానీ ఆ రాత్రి వరసలో పిల్లల్ని లెక్కబెట్టాను, అది మా వృత్తిరోగం. పద్నాలుగు మందే ఉన్నారు. మొదట్లోనే మానుకున్న ఇద్దరు గుర్తొచ్చారు. ఎస్సీ కాలనీ పిల్లలు, ఎనిమిదో తరగతి. మానుకున్నప్పుడు వాళ్ళను క్లాసులో నిలబెట్టి, "బద్ధకం, మీకు దేని మీదా నిలకడ లేదు" అని తిట్టి ఉన్నాను. నేర్చుకునే చోటు రామాలయం ముందు అని తెలిసీ నాకు అప్పుడు ఏమీ తోచలేదు. పెద్దాయన్ను అడిగాను. ఆయన చాలాసేపు చెక్కలు తుడుస్తూ కూర్చుని, "నేను రావద్దనల్యా సారూ" అన్నాడు. కొంచెం ఆగి, "రమ్మని గూడ అనల్యా" అన్నాడు. జానపదం అనగానే అందరిదీ అనుకునే నాబోటివాళ్ళు ఆ రెండు మాటలూ కలిపి వినాలి.

తర్వాతి ఏడు భజన బడి ఆవరణలో, వేపచెట్టు కింద నేర్పమని అడిగాను. మూడు రోజులు ఏ కబురూ లేదు. నాలుగో రోజు సాయంత్రం సైకిలు మీద చెక్కల సంచితో వచ్చాడు. ఆయన గుంపులో ఒకరిద్దరు అటు తర్వాత రావడం మానేశారని విన్నాను. మానుకున్న ఇద్దరిలో ఒకడు మళ్ళీ చేరాడు, అడుగు బాగా వేసేవాడు. రెండోవాడు రాలేదు. అడిగితే "ఇప్పుడొద్దులే సార్" అన్నాడు. వాణ్ణి తిట్టింది నలభైమంది ముందు, తప్పు నాదని చెప్పింది వరండాలో వానొక్కని ముందు. ఆ లెక్క సరిపోలేదు. ఇప్పటికీ బాకీనే.

ఆ ఏడు వార్షికోత్సవానికి నా కాగితం మార్చాను. మూడే ఐటెమ్‌లు పెట్టి, ఒక్కొక్కటి ఎంతసేపు పడితే అంతసేపు అన్నాను. చెప్పిన గంటకు మొదలుపెట్టాం, అతిథి రాకముందే. ఆయన వచ్చేసరికి భజన మంచి ఊపులో ఉంది. లేచి ఎదురుపోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది, వరసలో నేనూ ఉన్నాను. ఆయన వెనక కుర్చీలో కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. తరగతి గదులకు ఇస్తామన్న నాలుగు ఫ్యాన్లు రాలేదు. ఎండాకాలం పరీక్షలు పిల్లలు చెమటలు కారుస్తూ రాశారు. హెడ్మాస్టరు నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఆయన చూపు ఆ ఫ్యాను లేని కొక్కేల మీదికి పోయినప్పుడల్లా నాకు తెలిసేది. నా పశ్చాత్తాపానికి ఖర్చు నా జేబులోంచి పోలేదు, ఇది కూడా రాయాలి.

రిటైరయ్యే ముందు ఒక్కటి మాత్రం నాకు తృప్తిగా గుర్తుంది. అందులో నా గొప్ప ఏమీ లేదు. 2015లో కేంద్రం ప్రకటించిన 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కింద మన రాష్ట్రానికి పంజాబ్‌ను జత చేశారు. బడిలో పంజాబ్ గురించి ఏదన్నా చేయించమని ఉత్తర్వు. వెనకటి నేనైతే బాడుగ తలపాగాలు తెచ్చి ఎనిమిదిమందితో భాంగ్రా కట్టించేవాణ్ణి. ఈసారి ఊరికే ఒక వీడియో పెట్టి, పక్కన కూర్చున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకు ఎంత కష్టమో మా ఇంట్లోవాళ్ళనడగండి. కొంతసేపటికి ఏడో తరగతి పిల్ల ఒకతి అరిచింది: "సార్, నిలపండి! వాళ్ళ చేతిలో గూడ చెక్కలే!" నిజమే. భాంగ్రా ఆడేవాళ్ళ చేతుల్లో సప్ అని ఒకటుంటుంది. చెక్కపట్టీలను అల్లిక మాదిరి కలిపి చేసింది, సాగదీసి మూస్తే టపటపమంటుంది. నేను ఎన్నోసార్లు చూసినదే, ఎప్పుడూ కనపడలేదు. ఆ తర్వాత గంటసేపు ఆ పిల్లలు వాదించుకున్నారు, వాళ్ళది ముందా మనది ముందా, వాళ్ళవి ఏ చెట్టు చెక్కలు, వాళ్ళూ గుడి ముందే ఆడతారా, అక్కడ అందరినీ రానిస్తారా అని. చివరి ప్రశ్న అడిగింది మళ్ళీ చేరిన ఆ పిల్లోని చెల్లెలు. నాకు జవాబు తెలియదన్నాను. నా సర్వీసులో ఆ మాట అంత సులువుగా ఎప్పుడూ అనలేదు. కొన్నాళ్ళకే కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి.

మొన్న చలికాలంలో మనవణ్ణి తీసుకుని గండికోట పోయాను. కార్లు ఆపే చోట ఒకడు పలకరించాడు. ఎర్రసిరా పిల్లోడే. ఇప్పుడు మనిషయ్యాడు, వచ్చేవాళ్ళకు గుడారాలు వేసిపెట్టే పని చేస్తున్నాడు. "ఆ కాగితం గుర్తుందా?" అని అడిగితే, "ఏ కాగితం సార్?" అన్నాడు. వచ్చినవాళ్ళు ఏమడుగుతారని అడిగితే, "ఫోటో యాడ బాగా వస్తాదని అడుగుతారు" అన్నాడు. మా మనవడు మాత్రం వాణ్ణి, "నువ్వు ఇక్కడే ఉంటావా?" అని అడిగాడు. "ఆ, మేము ఈడనే" అన్నాడు వాడు.

రిటైరైన సారు కదా అని ఈ మధ్య నన్నూ అక్కడక్కడా బడి కార్యక్రమాలకు అతిథిగా పిలుస్తున్నారు. పోయిన నెల ప్రొద్దుటూరులో ఒక బడికి నాలుగింటికి రమ్మంటే మూడు ముప్పావుకే పోయి, కుర్చీలు వేస్తున్న పిల్లల పక్కన నిలబడ్డాను. వాళ్ళు కంగారుపడ్డారు, అతిథి ముందే రావడం వాళ్ళు చూసి ఉండరు. మాట్లాడమంటే రెండు నిమిషాలు మాట్లాడి కూర్చున్నాను. మిమ్మల్ని కూడా ఎవరో ఒకరు ఏదో ఒక బడికి పిలుస్తారు. పోతే చెప్పిన గంటకు పోండి, చివరి పాట అయ్యేదాకా కూర్చోండి, వాచీ ఇంట్లో పెట్టి పోండి. అంత తీరిక లేకపోతే రాలేనని ముందే చెప్పేయండి. పిల్లలు మూడింటికే గజ్జెలు కట్టుకుని ఉంటారు.